బెన్ లోమండ్ తర్వాత ఏ కొండ? 282 మన్రోలు మొదలుపెట్టాలనుకుంటున్న చెల్లికి

ప్రశ్న ఇదీ: స్కాట్లాండ్‌లోని స్టర్లింగ్‌లో ఉంటున్న 42 ఏళ్ళ చెల్లి, ఇద్దరు పిల్లల తల్లి, పోయిన ఆగస్టులో స్నేహితులతో బెన్ లోమండ్ ఎక్కింది. అప్పట్నుంచి మనసంతా కొండల మీదే ఉందట. "అక్కా, 282 మన్రోలు నాలాంటిదానికి అయ్యే పనేనా? ఎక్కడ మొదలుపెట్టాలి? రాతి మీద పాకాలంటే నాకు చచ్చేంత భయం. మా ఆయనేమో ఇదంతా రిస్క్ అంటున్నారు" అని అడిగింది.

అక్కా అన్నావు కాబట్టి చనువుగానే రాస్తున్నాను. అవుతుంది. నేను 39వ ఏట మొదలుపెట్టాను, పదకొండేళ్ళు పట్టింది, యాభయ్యో ఏట ఆఖరిది ఎక్కాను. ఉద్యోగం, ఇల్లు, పాప చదువు అన్నీ నడుస్తూనే ఉన్నాయి. అంతకుముందు నాకు ఆటలూ వ్యాయామాలూ ఏమీ లేవు. మాది తెనాలి పక్క పల్లె. కొండంటూ చూడాలంటే మంగళగిరి పోవాలి. పానకాల స్వామి మెట్లు, ఒకసారి మొక్కుకోసం అలిపిరి నుంచి 3,550 మెట్లు, అంతే నా అనుభవం.

తెలియనివాళ్ళకోసం రెండు ముక్కలు. స్కాట్లాండ్‌లో 3,000 అడుగులు, అంటే 914.4 మీటర్లు దాటిన కొండల జాబితాని సర్ హ్యూ మన్రో 1891లో స్కాటిష్ మౌంటెనీరింగ్ క్లబ్ పత్రికలో అచ్చువేశారు. ఆయన పేరుమీదే వాటిని మన్రోలంటారు. కొత్తగా కొలిచినప్పుడల్లా జాబితా కాస్త మారుతుంది. నేను మొదలుపెట్టిన 2012లోనే బెయిన్ అ ఖ్లైవ్ అనే కొండ 44 సెంటీమీటర్లు తక్కువ తేలి జాబితాలోంచి పోయింది, 283 కాస్తా 282 అయ్యాయి. అన్నీ పూర్తిచేసి ఆ క్లబ్బుకి రాస్తే మన పేరుకి ఒక నంబరు ఇస్తారు. ఇప్పటికి ఏడు వేలమందికి పైగా ఉన్నారు అందులో. 2023లో జేమీ ఆరన్స్ అనే ఆమె అన్నీ 31 రోజుల 10 గంటల 27 నిమిషాల్లో చేసింది, కొండకీ కొండకీ మధ్య దారి కూడా సైకిలు, పరుగు, పడవలతోనే. నాకు పదకొండేళ్ళు పట్టింది కదా. రెండు రకాలవాళ్ళకీ ఆ పట్టికలో చోటుంది, కాబట్టి ఎన్నేళ్ళు పడుతుందోనన్న టెన్షన్ ఇప్పుడే పెట్టుకోకు.

నాకూ మొదటిది బెన్ లోమండే. 2012 అక్టోబరు. మా ఫార్మసీలో పనిచేసేవాళ్ళు వెళ్తుంటే నేనూ బయల్దేరాను. జీన్స్ ప్యాంటు, స్పోర్ట్స్ షూ, చేతిలో పులిహోర డబ్బా. కింద రోవర్డెన్నన్‌లో ఎండ కాస్తోంది. ఏడువందల మీటర్లు దాటేసరికి వాన, వానలో మంచు రవ్వలు. జీన్స్ తడిసి కాళ్ళకి అతుక్కుపోయింది. తిందామని కూర్చుంటే డబ్బా మూత ఊడదీయడానికి వేళ్ళు వంగలేదు. మాకన్నా వెనకాల వస్తున్న ఒక పెద్దావిడ, డెబ్భై ఏళ్ళుంటాయి, ఆగి డబ్బా తీసుకుని మూత తీసిచ్చింది. తన బ్యాగులోంచి ఊలు గ్లవ్స్ తీసి నా చేతులకి తనే తొడిగింది. "ఎప్పుడూ రెండో జత ఉంచుకో" అని చెప్పి వెళ్ళిపోయింది. కొనకి చేరాక అరనిమిషం మబ్బు విడిపోయింది. కింద లోమండ్ సరస్సు, అందులో దీవులు ఒకదాని వెనక ఒకటి. మళ్ళీ మూసుకుపోయింది. ఆ అరనిమిషం చూసినదాని కోసమే తర్వాతి ఆదివారం ఇంకో కొండకి వెళ్ళాను. ఇవాళ్టికీ నా బ్యాగులో రెండు జతల గ్లవ్స్ అదనంగా ఉంటాయి. ఒకటి నాకు, ఒకటి దారిలో ఎవరికైనా.

ఇక నువ్వు అడిగినదానికి వస్తాను. ఎక్కడ మొదలుపెట్టాలంటే, కొండకన్నా ముందు మ్యాపుతో మొదలుపెట్టు. ఫోనులో యాప్ ఉంటుంది, నేనూ వాడతాను. కానీ చలికి బ్యాటరీ గంటలో పడిపోతుంది, తడి వేలికి స్క్రీను పలకదు. కాగితం మ్యాపూ కంపాసూ వాడటం తప్పనిసరిగా నేర్చుకో. ఒకరోజు శిక్షణ ఇచ్చే గైడ్లు చాలా ఊళ్ళలో ఉన్నారు. నేను ఖర్చుపెట్టిన డబ్బులో అన్నిటికన్నా బాగా ఉపయోగపడింది ఆ ఒక్కరోజు ఫీజే.

మ్యాపు చూసి ఎంతసేపు పడుతుందో లెక్క వేయడం కూడా నేర్చుకోవాలి. దీనికి 1892లో విలియం నెయిస్మిత్ చెప్పిన సూత్రం ఉంది. ఇప్పటి కొలతల్లో అయితే ఐదు కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. నీ బెన్ లోమండ్‌నే తీసుకో. రానూపోనూ సుమారు 12 కిలోమీటర్లు, అంటే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. ఎక్కుడు సుమారు 950 మీటర్లు, అంటే ఇంకో గంటా ముప్ఫై అయిదు. మొత్తం నాలుగు గంటలు. ఆగడం, తినడం, ఫోటోలు కలిపి నేను దీనికి గంట చేర్చుకుంటాను. నీకు ఎంత పట్టిందో గుర్తు తెచ్చుకుని పోల్చి చూడు, నీ నడక వేగం ఏమిటో తెలుస్తుంది. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నర దాటగానే ఇక్కడ చీకటి పడటం మొదలవుతుంది. అప్పుడు ఈ లెక్కే నిన్ను ఇంటికి చేరుస్తుంది.

రెండో కొండగా బెన్ లాయర్స్‌కి వెళ్ళు. 1,214 మీటర్లు అనేసరికి భయపడకు, కారు పార్కే సుమారు 400 మీటర్ల ఎత్తులో ఉంది, దారి స్పష్టంగా ఉంటుంది. మధ్యలో బెయిన్ గ్లాస్ మీదుగా వెళ్తావు కాబట్టి ఒక్కరోజులో రెండు. మూడోది షీహాలియన్. దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే నీ చేతిలో మ్యాపుకి దానితో సంబంధం ఉంది. 1774లో నెవిల్ మాస్కెలిన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ కొండ పక్కన నెలల తరబడి ఉండి, దారానికి కట్టిన గుండు కొండవైపు ఎంత లాగబడుతోందో కొలిచాడు. కొండ బరువు తెలిస్తే దాన్నిబట్టి భూమి బరువు తేల్చవచ్చని ఆయన ఆలోచన. ఆ కొండ ఆకారాన్ని లెక్కకట్టే పని చార్లెస్ హటన్‌ది. బోలెడన్ని కొలతలు కాగితం మీద చిందరవందరగా ఉంటే, ఒకే ఎత్తున్న చుక్కల్ని గీతతో కలుపుతూ పోయాడు. మ్యాపులో మనం చూసే ఎత్తు గీతలు అలాంటివే. షీహాలియన్ పైభాగం అంతా బండరాళ్ళు. ఇదే కొన అనుకుని చేరితే వెనక ఇంకోటి కనిపిస్తుంది, అలా మూడు నాలుగుసార్లు. ఓపికగా వెళ్ళు.

రాళ్ళ భయం గురించి. చెల్లీ, 282లో నూటికి తొంభై వంతులు రెండు కాళ్ళ మీద నడిచి ఎక్కేవే. చేతులు వాడాల్సినవి కొన్నే. గ్లెన్‌కోలో ఆయొనఖ్ ఎగఖ్ గట్టు, టొరిడన్‌లో ఒకటి రెండు, ముఖ్యంగా స్కై దీవిలో కూలిన్ కొండలు. అక్కడ ఇనాక్సెసిబుల్ పినకిల్ అనేది ఒకటుంది, దానికి మాత్రం తాడు తప్పదు. జాబితా రాసిన మన్రో గారు కూడా దాన్ని ఎక్కకుండానే 1919లో పోయారు. నేను దాన్ని తొమ్మిదో ఏడాదికి గానీ తలపెట్టలేదు. ఈలోపు నా కాళ్ళు ఎంతో నేర్చుకున్నాయి. నేను, ఇంకో ఇద్దరం కలిసి గైడుని పెట్టుకున్నాం. పలకలాంటి రాతి అంచు మీద పైకి పోవాలి, కొన్నిచోట్ల అడుగు వెడల్పే ఉంటుంది, రెండువైపులా గాలే. భయపడ్డాను. గైడు "చెయ్యి ఎక్కడ పెడుతున్నావో చూడు, అంతకుమించి చూడకు" అన్నాడు. చూపు ఆ రాయి మీదే నిలిపాను. గరుకుగా, అరచేతికి ఉప్పుకాగితంలా తగిలే రాయి, బూటు పెడితే జారదు. పైన ఐదు నిమిషాలు కూర్చుని, అవతలివైపు తాడు మీద దిగాం. ఇంకో సంగతి, కూలిన్ రాళ్ళలో అయస్కాంత గుణం ఉంది, కంపాసు ముల్లు తప్పు చూపిస్తుంది. అక్కడికి ఒంటరిగా పోవద్దని గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

నన్నడిగితే ఆ పినకిల్‌కన్నా భయపడాల్సింది మెత్తగా కనిపించే కెయిర్న్‌గార్మ్ పీఠభూమికి. బెన్ మక్‌డూయీ 1,309 మీటర్లు, బెన్ నెవిస్ తర్వాత అదే ఎత్తైనది. రాళ్ళు పాకే పని లేదు, నడకే. దాన్ని మూడోసారికి ఎక్కాను. మొదటిసారి మార్చి నెల. క్రాంపాన్లు (బూట్లకి తొడిగే ఇనుప ముళ్ళ పట్టీలు), ఐస్ యాక్స్ (మంచులో గుచ్చే గొడ్డలి) వాడటం అప్పటికే శిక్షణ తీసుకుని ఉన్నాం. పైకి చేరాక మబ్బు దిగింది. కింద మంచు తెలుపు, పైన మబ్బు తెలుపు, మధ్య గీత లేదు. పాలలో నిలబడ్డట్టుంది. నా తోటి ఆవిడ పది గజాల ముందు నడుస్తుంటే గాల్లో తేలుతున్నట్టు కనిపించింది. కంపాసు పట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాం. నాకు వంద మీటర్లకి ఎడమకాలు 68 సార్లు పడుతుంది. మంచులో అది ఎనభై అవుతుంది. అనుమానం వచ్చినప్పుడల్లా మంచు ముద్ద చేసి ముందుకి విసిరేవాళ్ళం. అది నేలమీద పడి ఆగితే నేల ఉన్నట్టు. ఒక్కసారి విసిరిన ముద్ద మాయమైంది. ముందున్నది అంచు. గాలికి పేరుకున్న మంచు అక్కడ చూరులాగా బయటికి వేలాడుతూ ఉంటుంది, కింద ఏమీ ఉండదు. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోకుండా వచ్చిన దిక్కుకి సరిగ్గా ఎదురు దిక్కు కంపాసులో పెట్టుకుని వెనక్కి తిరిగాం. కొన ఇంకా కిలోమీటరున్నర ఉంది.

రెండోసారి గాలి మమ్మల్ని నిలబడనివ్వలేదు. మూడోసారి జూన్‌లో, చొక్కా చేతులు మడిచి, లోయకి అవతల బ్రేరియఖ్ పక్కల్లో మిగిలిన మంచు చారల్ని చూస్తూ గంటసేపు కూర్చున్నాను. కొండ అక్కడే ఉంది, నేను మూడుసార్లు వెళ్ళాను. మీవారికి చెప్పాల్సింది ఈ వెనక్కి తిరగడం గురించే. ఆయన భయం అర్థం లేనిది కాదు, ఏటా మనుషులు పోతూనే ఉన్నారు ఈ కొండల్లో. అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ కారు పార్కు, ఏ దారి, ఎవరెవరు, ఎన్నింటికి కిందికి, అన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించి వెళ్తాను. ఎన్నింటికల్లా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా అందులోనే ఉంటుంది. ఇక్కడి అత్యవసర నంబరు 999కి చేసి పోలీసుల్ని అడిగి, మౌంటెన్ రెస్క్యూ అని చెప్పాలి. వాళ్ళందరూ స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు, పైసా అడగరు. సిగ్నల్ సరిగా లేనిచోట మెసేజ్ అయితే పోతుంది, దానికి ముందే మన ఫోను నుంచి 999కి రిజిస్టర్ అని ఇంగ్లీషులో మెసేజ్ పంపి నమోదు చేసుకోవాలి. ఇది చదువుతున్నప్పుడే చేసేయి. ఈల ఉంచుకో, నిమిషంలో ఆరుసార్లు ఊదితే సాయం కావాలని అర్థం.

ఎక్కడెక్కడివాళ్ళో ఎక్కే కొండలు మనకెందుకు అని కూడా ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. నన్నూ అన్నారు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ 172 రోజుల్లో ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. శిఖరాల జాబితా పట్టుకుని తిరగడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు.

జాబితా వల్ల ఒక చెడు ఉంది, అది కూడా చెప్పాలి. ఆరో ఏడాదిలో నాకు అంకెల పిచ్చి పట్టింది. 150 దాటాక ఎప్పుడు 200 అవుతుందా అని. ఒక సెప్టెంబరులో మూడు కొండలు అయ్యాక, కాళ్ళు చాలన్నా, నాలుగోది పక్కనే ఉంది కదా, మళ్ళీ ఇంత దూరం రావాలి కదా అని వెళ్ళాను. దిగేటప్పుడు చీకటి. హెడ్ టార్చ్ వెలుగులో పీట్ బురదలో (కుళ్ళిన నాచుతో ఏర్పడ్డ మెత్తటి నేల) తొడదాకా దిగబడి, ఇంటికి ఫోన్ చేయాల్సిన టైము దాటి రెండు గంటలైంది. మావారు ఫోను చేతిలో పట్టుకుని కూర్చుని ఉన్నారట. ఆ నాలుగో కొండ మీద ఏం చూశానో నాకిప్పుడు ఒక్కటీ గుర్తులేదు. తర్వాత ఏడాది మళ్ళీ వెళ్ళి దాన్ని మాత్రమే ఎక్కి వచ్చాను.

మరి జాబితా ఎందుకు అంటావా. అది లేకపోతే నేను గ్లెన్‌కో, స్కై, బెన్ నెవిస్ చూసి ఆగిపోయేదాన్ని. బెయిన్ నా లాప్ అని ఒక కొండుంది, 935 మీటర్లు, గుండ్రంగా గడ్డివాములా ఉంటుంది, ఎవరూ దాని ఫోటో పెట్టరు. దానికోసం కొరౌర్ స్టేషన్లో రైలు దిగాలి. అక్కడికి మామూలు జనం కార్లో వెళ్ళే రోడ్డే లేదు. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌లో ఎక్కిన రైలు నన్ను అక్కడ దింపి వెళ్ళిపోయాక చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. నాలుగు గంటల్లో కొండ అయిపోయింది. సాయంత్రం రైలు కోసం ప్లాట్‌ఫారం మీద ఫ్లాస్కులో మిరియాల చారు తాగుతూ కూర్చుంటే, పట్టాల అవతల కొమ్ముల జింక ఒకటి గడ్డి మేస్తూ, మధ్యమధ్య తలెత్తి నావైపు చూస్తోంది. పదకొండేళ్ళలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాయంత్రాల్లో అదొకటి. ఏ సిఫారసులోనూ ఉండని అలాంటి కొండలు వందకి పైనే ఉన్నాయి ఆ జాబితాలో.

పేర్లు కూడా నేర్చుకో. గేలిక్ భాష మొదట్లో నోరు తిరగదు, కానీ పేరు తెలిస్తే కొండ సగం తెలిసినట్టే. స్గూర్ అంటే కోసుగా ఉండే రాతి శిఖరం, మ్యౌల్ అంటే గుండ్రటి గుట్ట, బ్యాలఖ్ అంటే మన కనుమ. కోరె అంటే గంగాళం, నిజంగానే హిమనదాలు కొండ ఒడిలో గంగాళంలా తొలిచిన పల్లం అది. డియరగ్ ఎరుపు, మోర్ పెద్దది. గ్లెన్‌కోకి వెళ్ళే దారిలో కాపలా కాస్తున్నట్టు నిలబడే బువఖల్ ఎటివ్ మోర్ అంటే ఎటివ్ లోయ పెద్ద పశువుల కాపరి. అర్థం తెలిసిన రోజు నుంచీ దాన్ని చూస్తే కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషిలాగే కనిపిస్తోంది.

బట్టలు, తిండి గురించి త్వరగా. కాటన్ వద్దు, ఏ పొరా వద్దు. వాటర్‌ప్రూఫ్ కోటూ ప్యాంటూ, నీళ్ళు పట్టని బూట్లు. కొండ పైన కిందికన్నా వెయ్యి మీటర్లకి ఆరేడు డిగ్రీలు చల్లగా ఉంటుంది, గాలి వేరే. అవహేళన చేసినా సరే ఆగస్టులో కూడా టోపీ పెట్టుకెళ్ళు. మే నుంచి సెప్టెంబరు దాకా గాలి లేని సాయంత్రాల్లో మిడ్జ్‌లు అనే కుట్టే చిన్న పురుగులు కమ్ముకుంటాయి, తలకి వల కొనుక్కో. తిండికి చపాతీ చుట్టలు, వేరుశనగ చిక్కీ, ఎండు ఖర్జూరం. పులిహోర ఇప్పటికీ తీసుకెళ్తాను, మూత సులువుగా వచ్చే డబ్బాలో. మొదటి రెండేళ్ళు మంచుకాలంలో ఎత్తు కొండల జోలికి పోవద్దు.

ఆఖరిది నేను మల్ దీవిలోని బెన్ మోర్ దాచుకున్నాను. 966 మీటర్లు, స్కై కాకుండా మిగతా దీవుల్లో ఉన్న ఒకే ఒక్క మన్రో. సముద్రం ఒడ్డు నుంచే మొదలవుతుంది కాబట్టి ఒక్క మీటరూ తగ్గదు. ఓబన్ నుంచి ఫెర్రీలో వెళ్ళాం, మావారు, పాప, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ. అమ్మ మోకాళ్ళవల్ల ఎక్కలేదు, ఒడ్డునే కారులో కూర్చుంది. మేం దిగొచ్చేసరికి నీళ్ళ అంచున ఏరిన నల్లరాయి ఒకటి నా చేతిలో పెట్టింది. అది మా పూజ అరలో ఉంది ఇప్పుడు.

నువ్వు ముందు ల్యాండ్‌రేంజర్ అనే మ్యాపుల వరసలో 51వ నంబరుది కొను. అందులో బెన్ లాయర్స్ ఉంటుంది. వంటింటి బల్ల మీద పరిచి, కారు పార్కు నుంచి కొన దాకా వేలితో వెళ్ళు, గీతలు ఎక్కడ దగ్గరికి జరిగాయో చూడు. పైన చెప్పిన లెక్క వేసి ఎన్ని గంటలు వచ్చిందో నాకు రాయి, సరిచూసి చెప్తాను.